క్యాజువాలిటీలో మొదట చూసే డాక్టరుకు ఎంత శిక్షణ ఉంటుంది? ఎంబీబీఎస్‌లో ఎమర్జెన్సీ వైద్యం ఇలా నేర్పుతారు

నెల్లూరు తీరంలో అత్యవసర కేసులు ఒక్క రకం కాదు. జాతీయ రహదారి 16పై ప్రమాదాలు, పొలాల్లో పాముకాట్లు, పురుగుమందు విషం, సముద్రంలో మునక, రొయ్యల చెరువుల దగ్గర కరెంట్ షాక్... ఏదైనా రావచ్చు. బోధనాసుపత్రిలో ఇలాంటి రోగిని మొదట చూసేది చాలాసార్లు హౌస్ సర్జనే. నెల్లూరులో 2014లో మొదలైన ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల సహా దేశంలోని దాదాపు అన్ని కాలేజీలకూ జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) నిబంధనలే వర్తిస్తాయి.

ఎప్పుడు నేర్పుతారు?

2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం, ఎంబీబీఎస్‌లో చేరగానే జరిగే ఫౌండేషన్ కోర్సులోనే ప్రథమ చికిత్స, సీపీఆర్ నేర్పుతారు. తర్వాత మెడిసిన్, సర్జరీ, పిల్లల వైద్యం పాఠాల్లో భాగంగా చెబుతారు. 2021 నిబంధనల ప్రకారం 52 వారాల ఇంటర్న్‌షిప్‌లో క్యాజువాలిటీకి కేటాయించింది 2 వారాలే.

ప్రత్యేక విభాగం ఉండాలా?

ఎమర్జెన్సీ మెడిసిన్‌ను మన దేశంలో ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. 2020 నిబంధనల్లో కాలేజీలకు ఈ విభాగాన్ని తప్పనిసరి చేశారు. 2023లో ఆ జాబితా నుంచి తీసేశారు. ఎమర్జెన్సీ సేవలు ఉండాల్సిందే కానీ, ఆ సబ్జెక్టు చెప్పే ప్రత్యేక ప్రొఫెసర్లు ఉండాలన్న నిబంధన లేదు. అంటే శిక్షణ నాణ్యత కాలేజీని బట్టి మారుతుంది.

అసలు నేర్పేదేమిటి?

జబ్బు పేరు తేల్చేలోపే ప్రాణం నిలబెట్టడం. ముందు శ్వాసమార్గం, తర్వాత శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, చివరగా ఒళ్లంతా పరీక్ష. ఈ వరుస తప్పకూడదు. వసతులు తక్కువున్న చోట్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2018లో తెచ్చిన ప్రాథమిక అత్యవసర చికిత్స కోర్సుకూ ఇదే ఆధారం.

ఖరీదైన యంత్రాలు కావాలా?

అన్నిటికీ అక్కర్లేదు. పాము కాటేసిన వ్యక్తి రక్తాన్ని 2 మిల్లీలీటర్లు శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచుతారు. గడ్డకట్టకపోతే పింజర జాతి విషం ఎక్కిందని అనుమానించాలి. అయితే గడ్డకట్టినంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. కట్లపాము, నాగుపాము విషం నరాలపై పనిచేస్తుంది. రెప్పలు వాలిపోతున్నాయా, ఊపిరి కష్టమవుతోందా అని గమనిస్తూనే ఉండాలి. ఈ తేడా పుస్తకంలో చదివితే సరిపోదు, పక్కన సీనియర్ ఉండి చూపించాలి.

లోటు ఎక్కడ?

2 వారాల్లో నీట మునిగిన కేసు ఒక్కటీ రాకపోవచ్చు. అలాంటివి బొమ్మలపై పదేపదే సాధన చేయించాలి. కాలేజీల్లో స్కిల్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది ఇందుకే. ల్యాబ్ ఉండటం ఒకటి, రోజూ వాడటం మరొకటి.

మనం చేయాల్సింది

* వెంటనే 108కి ఫోన్ చేయండి.
* పాముకాటుకు కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాటు పడిన అవయవాన్ని కదపొద్దు. కాటేసిన సమయం డాక్టరుకు చెప్పండి.
* పురుగుమందు తాగితే వాంతి చేయించొద్దు. డబ్బా వెంట తీసుకెళ్లండి.
* పోలీసు కేసు పేరుతో అత్యవసర చికిత్స ఆపకూడదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది.