హాలీ సిక్కా ఎవరిది?

వరంగల్ మట్టెవాడ, మండిబజారు లాంటి పాత బస్తీల్లో ఇంటి పెట్టె అడుగున పాత నాణేలు దొరికితే వాటికి రెండే దారులు. ఒకటి వెండి దుకాణం, రెండోది పాత నాణేలు కొని అమ్మే వ్యాపారి. వెండి దుకాణంలో నాణెం తూకానికి పోతుంది. వ్యాపారి దగ్గర దాని సంవత్సరాన్ని బట్టి, అరుదును బట్టి, అక్షరం అరిగిందా నిలిచిందా అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది. నిజాం కాలపు వెండి రూపాయి తూకం 11 గ్రాముల పైచిలుకు. అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 9 గ్రాముల చిల్లర. ఇంట్లో పిల్ల పెళ్లి ముంచుకొచ్చినప్పుడో, ఆస్పత్రి బిల్లు మీద పడ్డప్పుడో అమ్మేవాళ్లకు ఆ 9 గ్రాముల లెక్కే కనిపిస్తుంది. కొనేవాడికి ఇంకేదో కనిపిస్తుంది. ఆ రెండు చూపుల మధ్య తేడాయే లాభం.

ధరల సంగతి వ్యాపారులకు తెలుసు. ఆ బిళ్ల మీద ఏం రాసుందో చదివేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. అమ్మే ముస్లిం ఇంటి పిల్లలు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవాళ్లు. నాణెం మీది ఉర్దూ అంకెలు కూడా వాళ్లకు రావు. అయినా ఊళ్లో ఏ గొడవ జరిగినా 'నిజాం వారసులు' అన్న ముద్ర మాత్రం వాళ్ల మీదే పడుతుంది. చదవలేని నాణేనికి వాళ్లు వారసులట! ఇదెక్కడి న్యాయం?

ముందు మాటల సంగతి చూద్దాం. షరాబు అని తెలుగులో ఒక మాటుంది. అది అరబ్బీ 'సర్రాఫ్' నుంచి వచ్చింది. నాణెం మంచిదో చెడ్డదో పరీక్షించి, మారకం చేసి ఇచ్చేవాడు సర్రాఫ్. నగదు, బాకీ, జమ, ఖర్చు, వసూలు, రసీదు, ఖజానా, కిస్తు - ఈ మాటలు లేకుండా ఏ తెలుగు కోమటి దుకాణంలోనైనా ఒక్క పూట లెక్క రాయగలరా? ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల మీదుగా వచ్చి తెలుగు నాలుక మీద స్థిరపడ్డవే. రూపాయి అన్న మాట సంస్కృతపు వేరు నుంచి పుట్టింది. దాన్ని ఒక నిర్ణీతమైన తూకంతో వెండి నాణెంగా నిలబెట్టినవాడు 1540-45 మధ్య ఏలిన షేర్‌షా సూరి. మనం ఇవాళ డబ్బు అంటున్నది కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. బజారుకు మతం అంటగట్టి విడదీయాలనుకునేవాళ్లు ముందుగా తమ ఖాతా పుస్తకాల్లోంచి ఈ మాటలు ఏరెయ్యాలి. ఏరితే పుస్తకం ఖాళీ అవుతుంది.

ఓరుగల్లుకు నాణేల చరిత్రలో ఒక విచిత్రమైన పేజీ ఉంది. 1323లో ఢిల్లీ సైన్యంతో వచ్చిన ఉలుఘ్ ఖాన్ ప్రతాపరుద్రుణ్ణి ఓడించి, ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కింది ఈ ఉలుఘ్ ఖానే. తుగ్లకుల నాణేల మీద టంకసాల పేర్లలో 'ముల్క్-ఎ-తిలంగ్' ఉంది, 'సుల్తాన్‌పూర్' ఉంది. 1330-32 మధ్య తుగ్లక్ వెండి విలువ కట్టి చలామణిలోకి తెచ్చిన ఇత్తడి, రాగి నాణేల మీద కూడా ఈ పేర్లు కనిపిస్తాయి. సుల్తానుకు విధేయుడైనవాడు దేవుడికి విధేయుడే అన్న అర్థం వచ్చే అరబ్బీ వాక్యం వాటి మీద అచ్చుకొట్టించాడు. జనం ఆ వాక్యాన్ని నమ్మలేదు. దొంగ నాణేలు గుట్టలుగా పుట్టుకొచ్చి, చివరికి సుల్తానే వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నాణెం మీద దేవుడి పేరు చెప్పినంత మాత్రాన బజారు లొంగదని ఆనాడే తేలిపోయింది. ఇక్కడ ఢిల్లీ పెత్తనం కూడా పదిహేనేళ్లు నిండకుండానే కూలిపోయింది.

ఆ దండయాత్రలో ఓరుగల్లు కోటలో స్వయంభూ దేవాలయం ధ్వంసమైంది. ఆ సంగతి దాచాల్సిన అవసరం మాకు లేదు. తుగ్లక్ చేసిన పనికి తుగ్లకే జవాబుదారు. బంగారు టంకా ఏనాడూ దూది ఏకేవాడి చేతికో, మాంసం కొట్టేవాడి చేతికో వచ్చే నాణెం కాదు. ఓరుగల్లు కోటను కొట్టినవాడి అప్పును ఆరేడు వందల ఏళ్ల తర్వాత మండిబజారులో చాయ్ అమ్మేవాడు తీర్చాలనడం ఏ షరాబు కట్టిన లెక్క?

ఇంకో వైపు కూడా చూడాలి. గజనీ మహమూద్ అనగానే సోమనాథ్ గుర్తొస్తుంది. అదే మహమూద్ 1027-28లో లాహోరులో వేయించిన వెండి నాణెం మీద ఒక వైపు అరబ్బీ, రెండో వైపు కలిమా అర్థాన్ని సంస్కృతంలో చెక్కించాడు. మహమ్మద్ ఘోరీ బంగారు నాణేల మీద కూర్చున్న లక్ష్మి బొమ్మ ఉంది, నాగరి లిపిలో అతని పేరుంది. మైసూరులో హైదర్ అలీ వేయించిన వరహాల మీద శివపార్వతులున్నారు. గోల్కొండ సుల్తానుల కాలంలో తెలుగు నేల మీద పెద్ద వ్యాపారమంతా హొన్నుల్లో, అంటే వరహాల్లో నడిచింది. వరాహం ముస్లింకు హరామైన జంతువు. దాని పేరు పెట్టుకున్న నాణేన్ని ముస్లిం రాజ్యం ఖజానాలో పోసుకుంది, జీతాలిచ్చింది, వజ్రాలు కొన్నది. ఇదంతా మతసామరస్యం మీద ప్రేమతో చేశారని నేను అనను. బజారులో చెల్లే నాణెం కావాలి గనక చేశారు. రైతూ వర్తకుడూ నమ్మిన ముద్రను కాదనే ధైర్యం ఏ రాజుకూ లేదు. కలిసి బతకడానికి మహాత్ములే పుట్టనక్కర లేదు. సంత చాలు.

మరి ఈ నాణేలకు 'ముస్లిం నాణేలు' అని పేరు పెట్టిందెవరు? 1817లో జేమ్స్ మిల్ భారతదేశ చరిత్ర రాస్తూ హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేశాడు. మొదటి రెంటికీ మతం, మూడోదానికి దేశం. క్రైస్తవ యుగం అనలేదు చూడండి. ఆ కొలబద్దే నాణేల పుస్తకాల్లోకీ వచ్చింది. 1885లో బ్రిటిష్ మ్యూజియం కోసం స్టాన్లీ లేన్‌పూల్ తయారుచేసిన కేటలాగు పేరు 'భారతదేశంలోని మహమ్మదీయ రాజ్యాల నాణేలు'. అసలు విశేషమేమంటే, ఈస్టిండియా కంపెనీ 1835 దాకా మొగలు చక్రవర్తి షా ఆలం పేరుతో ఫార్సీ అక్షరాల రూపాయలు కొట్టుకుంటూనే ఉంది. ఆ చక్రవర్తి చచ్చిపోయింది 1806లో! చచ్చిన ముస్లిం రాజు పేరుతో బతికిన కంపెనీ, మనకు మాత్రం 'మహమ్మదీయ' అని చీటీ అంటించి పోయింది. ఇవాళ్టికీ నాణేల వ్యాపారంలో అదే చీటీ. కాకతీయుల నాణెం కాకతీయులదే. విజయనగరం నాణెం విజయనగరానిదే. సుల్తానుల నాణెం మాత్రం 'ఇస్లామిక్'. ఇస్లాం నాణేలు అచ్చుకొట్టదు, రాజులు కొడతారు.

ఇక హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుబాటయ్యేది అని. ఆసఫ్‌జాహీలు 1857 దాకా మొగలుల పేరుతోనే నాణేలు వేశారు. ఢిల్లీలో మొగలు గద్దె పోయాక మొదటి ఆసఫ్‌జా బిరుదుతో వేయడం మొదలుపెట్టారు. దాని మీద 92 అని అంకె ఉంటుంది. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4 - కలిపితే 92, ముహమ్మద్ అన్న పేరు. 1903-04 నుంచి యంత్రం మీద చార్మినార్ బొమ్మతో రూపాయలు వచ్చాయి. చార్మినార్ ద్వారంలో మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది. ఐన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. సేకరించేవాళ్లు భూతద్దం పెట్టి మొదట చూసేది ఆ ద్వారాన్నే. బ్రిటిష్ రూపాయిని ఇక్కడి జనం కల్దార్ అనేవారు. 6 కల్దార్‌లకు 7 హాలీలు మారకం.

ఇక్కడొక నిజం మనమే చెప్పుకోవాలి. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు హాలీ రూపాయి మీద ఒక్క అక్షరం కూడా లేదు. 1918లో కరెన్సీ చట్టం వచ్చాక అచ్చయిన నోట్ల మీద మాత్రం ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడంలో విలువ రాశారు. కాగితానికి ఎక్కిన తెలుగు లోహానికి ఎక్కలేదు. తెలుగువాళ్లకు ఆ కోపం ఉంటే అది న్యాయమైన కోపమే. ఆ కోపం దర్బారు మీద ఉండాలి, పక్కింటి మీద కాదు.

ఎందుకంటే ఆ సిక్కా పక్కింటి ముస్లింను కూడా పాలించింది, పీడించింది. అష్రఫీలు జాగీర్దార్ల పెట్టెల్లో ఉండేవి. పేదవాడికి తెలిసినవి అణాలు, పైసలు. కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి గెలిచాడు. 1940లో దొర మనుషుల చేతిలో హత్యకు గురయ్యాడు. నిజాం సిక్కా బందగీని కాపాడలేదు, దొరనే కాపాడింది. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపేశారు. వీళ్లిద్దరూ నిజాం వారసులా? కారనుకుంటే, వాళ్ల బంధువులమైన మేమెట్లా అవుతాం?

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తర్వాత నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ వేసుకున్నా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలని రాసింది. ఆ నివేదిక ఆరు దశాబ్దాలు మామూలు జనానికి అందకుండా పడి ఉంది. నాణేల లెక్క మాత్రం పద్ధతిగా జరిగింది. 1950లో భారత రూపాయి వచ్చి హాలీ పక్కన నిలబడింది. 1951లో హాలీ జారీ ఆగింది. 1959లో పూర్తిగా రద్దయింది. 7 హాలీలు ఇస్తే 6 రూపాయలు ఇచ్చారు. చనిపోయినవాళ్లకు మారకం రేటు ఎవరూ కట్టలేదు.

రద్దయిన హాలీ ఎక్కడికి పోయింది? చాలా భాగం మూసలోకి పోయి కరిగింది. కొంత నగల్లో దాక్కుంది. తండాల్లో లంబాడీ ఆడవాళ్ల నగల్లో రూపాయి బిళ్లలు తరతరాలుగా ఉన్నాయి. నవాబు సిక్కాను రాజ్యం వదిలేశాక లంబాడీ తల్లి మెడ మోసింది. ఉస్మానియా సిక్కా వ్యవహారం చూడడానికి 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. సైఫాబాద్ టంకసాలలో 2022లో మ్యూజియం తెరిచారు. ఇవాళ మన జేబులో రూపాయి మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకసాలలో పుట్టినదే.

మిగిలిన కాస్త నాణేలూ ఇప్పుడు బజారులోకి వస్తున్నాయి. వాటి వెంట మోసమూ వస్తోంది. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో 'ఈస్టిండియా కంపెనీ 1818' అని రాసిన రాగి బిళ్లలకు మహిమలు అంటగట్టి అమ్ముతున్నారు. కంపెనీ అట్లాంటి నాణెం ఏనాడూ వేయలేదు. 786 నంబరు ఉన్న నోటును బర్కత్ అని చెప్పి పేద ముస్లింకు పది రెట్లకు అమ్ముతున్నారు. భక్తి ఎవరిదైనా బేరం ఒకటే.

అందుకే మన ఇళ్లవాళ్లకు ఒక్క మాట. అవసరం వస్తే అమ్ముకోండి, ఆకలికి నీతులు చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. అమ్మే ముందు చింతపండుతో తోమకండి, అక్షరం పోతుంది, ధరా పోతుంది. రెండు వైపులా ఫొటో తీయండి. ఇంట్లో ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లతో హిజ్రీ సంవత్సరం చదివించండి. అది ఎవరి పెట్టెలోది, ఏ ఊరిది, ఏ కూలికి వచ్చింది, ఎవరి పెళ్లికి పెట్టారు - నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పెట్టండి. పునాది తవ్వుతుంటే దొరికితే మాత్రం అమ్మే హక్కు మనది కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. 100 ఏళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడానికి 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.

రాజుల చరిత్ర రాజులు నాణేల మీద రాయించుకున్నారు. ఆ నాణేన్ని సంపాదించడానికి చెమటోడ్చినవాళ్ల చరిత్ర దాని మీద లేదు, మనమే రాయాలి. బందగీ పిల్లలం గనక, ఏ భాషలో మమ్మల్ని పరాయివాళ్లంటున్నారో ఆ తెలుగులోనే రాయాలి.