కుంపిణీ సింహం

ఆయుధ పూజ నాటి పొద్దున్న. రామచంద్రపురంలో రాజావారి కోటకు కాస్త ఎడంగా, పాతకాలపు మండువా లోగిలి. మీరు చెప్పులు విడిచి గడప దాటుతారు. పీట మీద ఎర్రగుడ్డ పరిచి కొడవళ్లు, పలుగు, ట్రాక్టరు తాళాలు పెట్టారు. వాటి పక్కన గోడకు ఆనించి, మనిషి గుండెల దాకా వచ్చే పొడుగు తుపాకి.

"రండి బాబూ. పసుపు రాయకముందే చూసేయండి. రాశాక అక్షరాలు కనపడవు" అంటాడు ఇంటి పెద్దాయన.

అక్షరాల సంగతి తర్వాత. లోపల మందు ఉందో లేదో ముందు తేల్చాలి. నోట్లోంచి మందు దట్టించే ఇలాంటి తుపాకుల్లో తాతలు కూరిన మందు తీయకుండా అలాగే ఉండిపోవడం మామూలే. గొట్టం ఎవరివైపూ లేకుండా పెట్టి, సన్నని వెదురు పుల్ల అడుగంటా దించండి. మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పెట్టుకుని, పుల్ల బయటికి తీసి, గొట్టం పక్కనే ఆనించి చూడండి. నిప్పు లోపలికి దూకే రంధ్రం దాకా వచ్చిందా? నాలుగు వేళ్లు తక్కువైతే లోపల ఏదో కూరుకుని ఉన్నట్టే. ఇక దాన్ని ఎవరూ కదపకూడదు. మీ పుల్ల సరిగ్గా అందింది. ఊపిరి పీల్చుకోండి.

ఇప్పుడు మండువా వెలుగులోకి తీసుకురండి. కొబ్బరినూనెలో ముంచిన దూది తీసుకుని, ట్రిగ్గరుకు పైన కుడివైపు ఉన్న ఇనప పలక మీద మెల్లగా అద్దండి. రుద్దొద్దు, అద్దండి చాలు. మట్టీ తుప్పూ కలిసి గోధుమరంగు నీళ్లలా దూదికి ఎక్కుతాయి. రెండోసారి, మూడోసారి. సుద్దముక్కతో పైపైన గీసి వేలితో తుడవండి. పల్లంలో సుద్ద నిలబడుతుంది. మొదట ఒక తోక, తర్వాత జూలు. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లతో కిరీటం పట్టుకున్న సింహం. భూతద్దం పెడితే అచ్చు గుద్దినవాడి చెయ్యి ఒక పక్కకి ఒరిగిందని కూడా తెలుస్తుంది, సింహం ముందు కాళ్లు లోతుగా, తోక పలచగా పడ్డాయి.

ఈస్టిండియా కుంపిణీ ముద్ర అది. 1808 నుంచి తన తుపాకుల మీద సింహాన్ని వేయించుకుంది. అంతకుముందు వేసింది నాలుగు గదులుగా గీసిన గుండె బొమ్మ, గదికో అక్షరం. కుంపిణీ సరుకు బేళ్ల మీదా ఆ గుండె గుర్తే ఉండేది. ఇక్కడికి దగ్గర్లోనే ఇంజరంలో కొఠీ పెట్టి సన్నబట్టలు కొన్న కుంపిణీ ఇదే.

టేపు పెట్టండి. గొట్టం 39 అంగుళాలు. ఇంగ్లండు రాజు సిపాయిల తుపాకి ఇంతకంటే పొడుగ్గా ఉండేది. కుంపిణీ చవగ్గా, తొందరగా తయారయ్యేలా పొట్టి నమూనా చేయించుకుంది. ఫ్రెంచివాళ్లతో యుద్ధంలో తుపాకులు చాలక 1797లో ఇంగ్లండు ప్రభుత్వమే ఆ నమూనాను ఎత్తుకుంది. 1815లో వాటర్లూలో నెపోలియన్ మీద ఇంగ్లండు సిపాయిలు పేల్చినవాటిలో ఈ రకమే ఎక్కువ. ఇండియా కోసం గీసిన నమూనా యూరప్ తలరాత మార్చిన రోజు అది. ఈ లోగిట్లో నిలబడి ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

పలక మీదే ఇంకాస్త ముందుకు వేలు పోనివ్వండి. గుండ్రటి మచ్చలు తగులుతున్నాయా? అవి పూడ్చిన బెజ్జాలు. ఒకప్పుడు అక్కడ చకుముకి రాయి రాజేసే సరంజామా ఉండేది. 1840 ప్రాంతంలో రాగి కేపులు వచ్చాక పాతవాటిని విప్పేసి, బెజ్జాలు పూడ్చి, కేపును కొట్టే సుత్తి బిగించారు. అంటే చకుముకితో పుట్టి, కేపుతో రెండో బతుకు బతికింది.

పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. "చందుర్తి యుద్ధంలోదని మా తాత చెప్పేవాడండీ."

ఆ యుద్ధం జరిగింది పిఠాపురం అవతల గొల్లప్రోలు దగ్గర, 1758 డిసెంబర్ 7న. కుంపిణీ కర్నల్ ఫోర్డు, విజయనగరం రాజు ఆనంద గజపతి ఒకవైపు, ఫ్రెంచి సేనాని కాన్ఫ్లాన్స్ ఇంకోవైపు. ఈ సీమలో పాత తుపాకి కనపడితే కథ అక్కడికే పోతుంది. కానీ సింహం ఒప్పుకోదు. యాభై ఏళ్ల తేడా. "కాదండీ, దీనిది వేరే కథ" అని చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. గొప్ప కథ తగిలించిన తుపాకి కంటే తన కథ తాను చెప్పుకునే తుపాకే ఇంటికి ఎక్కువ సొత్తు.

ఈలోగా మనవడు ఉప్పుకాగితం పట్టుకొచ్చాడు. "తళతళలాడేలా చేస్తా తాతా!" చెయ్యి పట్టుకు ఆపండి. కుంపిణీ పోయినా, వానలు కురిసినా, చెదలు పట్టినా మిగిలిన ముద్రను ఆ కాగితం పావుగంటలో మింగేస్తుంది. ఎన్ని ఇళ్లలో ఇలా నున్నగా తోమిన తుపాకులు చూశానో, వాటి ఊరూ పేరూ ఇక ఎవరికీ తెలియవు.

లైసెన్సుల చిక్కు మరొకటి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర రెండు తుపాకులే ఉండాలి. బాగుచేసినా పేలని పాతవాటికి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, అది చాలామందికి తెలియక ఠాణాలో అప్పగించి చేతులు దులుపుకుంటారు. అప్పగించాల్సి వచ్చినా, ముందు ముద్రల ఫోటోలైనా తీసి పెట్టుకోండి.

పాత కాగితాలూ దాచుకోండి. లోహం సగమే చెబుతుంది, మిగతా సగం కాగితంలో ఉంటుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాలో 11 తుపాకులు పట్టుకుని, ఏమేం తీసుకెళ్లాడో స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టాడు. ఒక ఆయుధం ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో చెప్పే పత్రం అంతకంటే నిఖార్సైనది నేనెరగను.

మీ అదృష్టం, ఈ ఇంట్లోనూ కాగితం ఉంది. పెద్దావిడ ట్రంకుపెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన లైసెన్సు తెచ్చి ఇస్తుంది. తేదీ దగ్గర చెదలు తిన్నాయి. పైన అచ్చయిన జిల్లా పేరు మాత్రం ఉంది: ఒట్టి 'గోదావరి', ముందు తూర్పు లేదు. జిల్లా పేరు ముందు తూర్పు చేరింది 1925లో. అంటే అంతకు ముందటి కాగితం. కింద ఆయుధం నంబరు గడిలో సిరా వెలిసినా మూడంకెలు స్పష్టంగా ఉన్నాయి. తుపాకిని తిరగేసి మడమ ఇత్తడి పలక మీద సుద్ద రాయండి.

అవే మూడంకెలు. "సోమవారం కాకినాడ పోదామండి, కలెక్టరేట్లో పాత రిజిస్టర్లు అడుగుదాం. ఇప్పుడు నంబరుంది కదా" అంటాడు పెద్దాయన, అప్పటికే కళ్లజోడు తుడుచుకుంటూ.