స్వర్ణముఖి ఒడ్డున సున్నపు మేడ

మన నెల్లూరు తీరం పేరెత్తగానే చేపల పడవలు, ఉప్పు మడులు, కృష్ణపట్నం రేవు గుర్తుకొస్తాయి. నాలుగు వందల ఏళ్ల చరిత్ర కూడా ఈ ఇసుకలో ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మాది వాకాడు వైపు పల్లె కనుక తెలిసినంతలో నాలుగు మాటలు రాస్తున్నాను.

మా దుగరాజపట్నానికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626 ప్రాంతంలో వచ్చి గిడ్డంగి కట్టుకుని, ఫిరంగులు నిలిపారు. తమకు తోడ్పడిన ఆర్ముగం మొదలియారు పేరిట ఆ రేవును ఆర్మగాం అన్నారని చెబుతారు. ఒకవైపు పులికాట్‌లోని డచ్చివారి పోటీ, మరోవైపు మేలురకం బట్ట చాలినంత దొరకకపోవడం వారికి ఇబ్బంది అయింది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి వేరే చోటు వెదికాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు స్థలం ఇచ్చాడు. మరుసటి ఏడు కంపెనీవారు మకాం అక్కడికి మార్చారు. 1645లో శ్రీరంగరాయలు ఆ దానాన్ని తిరిగి ఖాయం చేశారు.

ఆ రాయల వంశం వారి రాజధాని చంద్రగిరి. ఆ ఊరిని ఒరుసుకుంటూ పారే స్వర్ణముఖి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వచ్చి మా వాకాడు ప్రాంతంలో సముద్రంలో కలుస్తుంది. తీరంలో వర్తకం, ఎగువన దర్బారు. రెంటికీ ఒకే ఏరు తోడు.

చంద్రగిరి కోటలోని రాజమహల్ నేటికీ నిలిచి ఉంది. మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదు. అందుకే చెదపురుగుకు అక్కడ పనిలేదు. లావాటి స్తంభాలు, కమానులు పై అంతస్తుల బరువు మోస్తున్నాయి. పైన గోపురాల్లాంటి శిఖరాలున్నాయి. పక్కనే రెండంతస్తుల రాణీమహల్ ఉంది. ప్రస్తుతం రాజమహల్‌లో పురావస్తు శాఖవారి మ్యూజియం నడుస్తోంది.

ఐరోపాలో కళల పునరుజ్జీవనం సాగిన శతాబ్దాల్లోనే ఇక్కడ రాయల కొలువు సాగింది. ఫ్రాన్సులో ఆ కాలపు పల్లెటూరి ఇళ్లను సైతం చట్టం కింద చారిత్రక కట్టడాలుగా కాపాడుకుంటారు. మనకూ 1958 నాటి చట్టం ఉంది. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2010 సవరణ చెబుతోంది.

కానీ గోడమీద మేకుతో పేరు చెక్కే కుర్రవాడికి చట్టం కంటే ముందు తాతగారి మాట వినిపించాలి. దుగరాజపట్నంలో ఆనాటి గిడ్డంగి లేదు, చంద్రగిరిలో మేడ ఉంది. ఏడాదికొకసారి ఇంటికి వచ్చే మనవలకు తిరుమల దర్శనం చేయించే మిత్రులు, ఒక పూట చంద్రగిరికి కూడా కేటాయించండి. ఆ మేడ ముందు నిలబెట్టి ఈ ఏటి కథ, మన రేవు కథ చెప్పండి. సున్నం, ఇటుకలను శాఖవారు కాపాడతారు. కథను కాపాడవలసింది మనమే.