అడిగినోళ్లు ఎవరు? పోచంపల్లి వారసత్వంలో వాడ చోటు

పోచంపల్లి అనగానే రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి ఇక్కత్ చీర, రెండోది భూదానం. చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. చూడొచ్చినవాళ్లకు మగ్గం చూపిస్తారు, వినోబా కథ చెప్తారు. మరి వాడ కథ ఎవరు చెప్పాలె?

1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికొచ్చాడు. మీకేం కావాలని దళితవాడలో అడిగితే, 40 కుటుంబాలవాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు. 40 తరి, 40 ఖుష్కి. సర్కారుకు చెప్పి చూద్దామనుకున్న వినోబా, ముందు ఊరివాళ్లనే ఎవరైనా ఇస్తారా అని అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఇచ్చిన దొర పేరు చరిత్రకెక్కింది. అడిగినోళ్లు మాత్రం 'హరిజనులు' అన్న ఒక్క మాట కింద కలిసిపోయారు.

నిజానికి ఆ రోజు మొదలైంది దానంతో కాదు, అడగడంతో. లెక్కగట్టి, తరి ఎంతో ఖుష్కి ఎంతో తేల్చి అడిగారు. ఆ ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. నల్లగొండ జిల్లాలో వెట్టికి ఎదురు తిరిగి, దున్నేవాడికే భూమి అని సాయుధంగా పోరాడిన కాలం అది. 1948 సెప్టెంబర్ సైనిక చర్య తరువాత దొరలు ఊళ్లకు తిరిగొచ్చి, పంచిన భూములను మళ్లీ గుంజుకున్నారు. భూమి ఆకలి మాత్రం చల్లారలేదు. ఆ ఆకలిని దాచిపెట్టి దాత మంచితనాన్నే చూపిస్తే, హక్కు కాస్తా బిచ్చమైపోతుంది.

తరువాత దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు వచ్చాయి. అందులో చాలా భాగం పేదల చేతికి చేరనే లేదు. చేరినదాంట్లోనూ రాళ్లూ రప్పలూ తక్కువేం కాదు.

వారసత్వాన్ని కాపాడడమంటే గోడలకు సున్నం కొట్టడం కాదు. అడిగిన 40 కుటుంబాల పేర్లు ఊరి నడుమ రాయాలె. వాడ పెద్దల నోటిమాటను వాళ్ల యాసలోనే రికార్డు చేయాలె. ఆ భూమి ఎవరి పట్టాలో ఉన్నదో, ఎవరు దున్నుతున్నరో పహాణీలు తీసి చూపాలె. ఊరి కథ చెప్పే పని, దాని మీద వచ్చే కూలి వాడ పిల్లలకూ దక్కాలె. లేకుంటే పర్యాటకం మల్ల ఊరి నడుమనే తిరిగిపోతది, వాడ వరకు రాదు.