ఒక సాయంకాలపు టేపు

రాక్ సంగీత చరిత్రకు శ్రోతలు కాపాడిన సామగ్రి కొంత గలదు. 1957 జూలై 6వ తేదీన లివర్‌పూల్ నగరపు వూల్టన్‌లో, చర్చి ఉత్సవమున, క్వారీమెన్ అను కుర్రవాళ్ళ మేళము పాడినది. జాన్ లెనన్, పాల్ మకార్ట్నీలు తొలిసారి కలిసికొన్నది ఆనాడే. సాయంకాలము చర్చి హాలులో ఒక యువకుడు తన గ్రుండిగ్ టేపు యంత్రముపై లెనన్ గానమును పట్టినాడు. ఆ టేపు చాలకాలము మరుగున పడియుండి, 1994లో సోథ్‌బీ వేలములో 78,500 పౌనులకు ఇ.ఎం.ఐ. కంపెనీ వశమైనది. ధర ఘనమే, ధ్వని మాత్రము నాసి! 1995 నాటి బీటిల్స్ 'ఆంథాలజీ' రికార్డులలో దానికి చోటు దక్కలేదు. ఇట్టి టేపులను బాగుచేయువారి చిక్కు ఇదియే: రొదను వడగట్టబోయినచో, దానితో పెనవేసికొనిన కంఠస్వరము కూడ కొంత పోవును. మేమైతే రొదను కొంత ఉండనిమ్మందుము. ఆ సాయంకాలము హాలులో నిలిచినవారి సందడియు అందులోనే యున్నది గదా!