రచ్చబండ నుండి రాజీపత్రము వరకు

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మన పెద్దల మాట. ప్రత్తి, మిరప పండు ఈ నల్లరేగడి సీమలో వ్యాజ్యపు ఖర్చులకై పొలములు చేతులు మారుట అడంగలు పుటలు తిరుగవేసినవారికి క్రొత్త గాదు. అందును ఆలుమగల తగవు, అన్నదమ్ముల తగవు మరింత విషమములు. తీర్పు వచ్చిన పిమ్మటను వారు బిడ్డలకు తలిదండ్రులే, ఒకరి కొకరు జ్ఞాతులే. కావుననే కూర్చుండి తీర్చుకొను మార్గమును పూర్వులు వెదకిరి.

యాజ్ఞవల్క్యస్మృతి రాజు నియమించిన న్యాయాధికారులతో పాటు పూగము, శ్రేణి, కులము అను సభలను పేర్కొన్నది. బంధువుల కూటమి మొదటి మెట్టు. అచట తృప్తి కలుగనివారు పై మెట్టున కేగవచ్చును. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను. తన దశకుమారచరిత్రమును అతడు తిక్కనకు అంకిత మిచ్చెను. ఆ తిక్కనకు తాత గుంటూరు నేలిన మంత్రి భాస్కరుడు. ఇక కౌటిల్యుని అర్థశాస్త్రము, ధర్మవివాహములను మినహాయించి, దంపతులలో ఒక్కరికే అయిష్టమైన విడుదల లేదనియు, పరస్పరద్వేష మున్నచో కలదనియు విధించెను.

సంధి చెడిన ఫలము పల్నాటికి తెలిసినంతగా మరి యే సీమకును తెలియదు. 12వ శతాబ్దిలో నలగాముడు, మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలే. రాజ్యభాగమున పుట్టిన వైరము కోడిపందెముతో పెరిగెను. సంధికై వెళ్లిన అలరాజు నలగామునికి స్వయముగ అల్లుడు. అతడు విషప్రయోగమునకు బలియయ్యెనని వీరగాథ. పిమ్మట కారెంపూడిలో నాగులేటి యొడ్డున ఉభయకులములు నశించెను. రాయబారికి రక్షణ లేనిచోట రాజీ లేదు.

కుంపిణీ పాలనలో 1816 నాటి మద్రాసు శాసనములు చిన్న సొమ్ము వ్యాజ్యములను గ్రామ మునసబులకును, పంచాయతీలకును అప్పగించినవి. 1889లో గ్రామ న్యాయస్థానముల చట్టము వచ్చెను. మనువు తగవులు మాత్రము పెక్కు కులములలో పెద్దమనుష్యుల యెదుటనే తీరుచుండెను. ఖర్చు స్వల్పము, కాలము స్వల్పము, మేలే. కాని ఒక లోపమును దాచరాదు. రచ్చబండపై స్త్రీకి పీట లేదు. ఆమె పక్షమున తండ్రియో, అన్నయో పలికెడివాడు. భయముచే తలయూపుట సమ్మతి కాదు.

ఆ లోపమును దిద్దుటకు నేటి చట్టములు యత్నించినవి. 1955 నాటి హిందూ వివాహచట్టమున 1976లో పరస్పర సమ్మతి విడాకులు చేరినవి. ఏడాదియైన వేరుగా నున్న దంపతులు కలిసి అర్జీ పెట్టవలెను. ఆరు నెలల గడువును తగిన సందర్భమున మినహాయింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ముందుగా రాజీకి యత్నించుట న్యాయమూర్తి విధి యన్నది. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ననుసరించి స్త్రీకి ఆదాయముతో పనిలేకయే ఉచిత న్యాయసహాయము లభించును. విడాకుల డిక్రీ కోర్టు ఈయవలసినదే. భరణము, ఆస్తి తగవులు లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చును. ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. కావున వ్రాలుకు ముందే ప్రతి పంక్తియు చదివించుకొనవలెను.

ఆ చదువు నిచ్చుటయే గ్రంథాలయ ధర్మము. మన బీరువాలో భారతము ప్రక్కన ఈ చట్టముల తెలుగు ప్రతులును నిలుచు గాక. సంధి మాట తెలిసినవారు పెద్దలు. సంధి షరతు చదువగల ఆడుబిడ్డలు ఊరికి రక్ష.