దారి చూపే పలకలు – మన పట్నం సంగతులు

గల్లీ మొగదల తగిలించే పేరు పలక మీద సావనీరులో వ్యాసమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చును. మాకూ ఒకప్పుడు అట్లాగే అనిపించేది. మూడేళ్ళ క్రితం మా గల్లీలో ఒక పెద్దమనిషి చనిపోయిన రోజున ఆ అభిప్రాయం మారింది.

జొహర్ నమాజు కాగానే జనాజా లేస్తుందని కర్నూలులో ఉన్న ఆయన చెల్లెలికి కబురు వెళ్ళింది. ఆమె కొడుకును వెంటబెట్టుకొని బయలుదేరి, మా బస్తీ దాకా సమయానికే వచ్చింది. అక్కడి నుంచి ఇల్లు దొరకలేదు. ఫోనులోని మ్యాపు వాళ్ళను ఇంటి వెనుక గోడ దగ్గరకు తీసుకుపోయి చేరుకున్నారని చెప్పిందట. ఆ గోడకు తలుపు లేదు. ఇంటి నెంబరు చూపిస్తే ఒకరు కుడికి పంపారు, ఒకరు ఎడమకు పంపారు. గల్లీ పేరు చెబితే, మా గల్లీ మొగలోనే ఉన్న దుకాణం కుర్రవాడు, "ఆ పేరు గల్లీ ఇక్కడ ఎక్కడా లేదమ్మా" అన్నాడు. అతడు పనికి కుదిరి ఆరు నెలలే. ఆమె గుమ్మంలో కాలు పెట్టేసరికి మగవాళ్ళు జనాజాతో ఖబరస్తాన్ దారి పట్టారు. అన్న ముఖం చూడడం ఆమెకు కాలేదు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేము. మా గల్లీకి పేరు ఉండేది, పలక లేదు, అంతే.

ఆ తరువాత మా సంఘం కూర్చున్నప్పుడు, ముందు మన పెద్దల కాలంలో దారి ఎట్లా చూపేవారో తెలుసుకుందామనుకున్నాము. కొంత చదివాము, కొంత కాళ్ళరిగేలా తిరిగి చూశాము. ఆ సంగతులే ఇక్కడ మనవి చేస్తున్నాము.

మన దేశంలో దారి గుర్తు అనగానే చరిత్ర చదివినవారు కోస్ మీనార్లనే తలుస్తారు. షేర్షా సూరి బాటలు వేయించిన సంగతి అందరికీ విదితమే. 1619లో జహంగీరు బాదుషా ఆగ్రా నుంచి లాహోరు దాకా కోసుకు ఒక మీనారు, మూడు కోసులకు ఒక బావి ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. కోసు అంటే సుమారు రెండు మైళ్ళు. మీనారు ఎత్తు ఇంచుమించు 30 అడుగులు. ఇటుకతో కట్టి సున్నం పూసేవారు. అడుగు భాగం ఎనిమిది పలకలుగా, పైభాగం గుండ్రంగా ఉంటుంది. హర్యానాలో ఈనాటికీ చాలా మీనార్లు పొలాల మధ్య, ఇళ్ళ మధ్య నిలిచి ఉన్నాయి. మమ్మల్ని ఆలోచింపజేసినది ఒకటున్నది. దూరం లెక్క తెలియడమే కావలసి ఉంటే ఒక బండరాయి పాతితే సరిపోయేది. ఇంత ఎత్తున, ఇంత తీరుగా కట్టారంటే, అక్షరం రాని బండివాడు కూడా చెట్ల మీదుగా దూరం నుంచి చూసి ఇదే బాట అని గుర్తుపట్టాలని. అందం అక్కడ షోకు కాదు, పనిముట్టు.

ఇక మన పట్నానికి వద్దాము. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరానికి పునాది వేశాడు. నగర నిర్మాణ పథకం ఆయన పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీది. గోలకొండ నుంచి మచిలీపట్నం పోయే వర్తకుల బాట ఇటుగానే పోయేది. రెండు పెద్ద దారులు కలిసే చోట చార్మినారు లేచింది. కొత్తగా వచ్చినవాడు ఎటు తిరిగినా తలెత్తితే చాలు, తానెక్కడ ఉన్నదీ తెలిసిపోయేది. 1889లో దాని నాలుగు ముఖాలకూ గడియారాలు పెట్టారు. దారి చెప్పేది వేళ కూడా చెప్పసాగింది.

చార్మినారుకు ఉత్తరాన చార్ కమాన్ ఉన్నాయి. నడుమ గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు. అందులో ఒకటి మచిలీ కమాన్. శుభసూచకమైన చేప గుర్తు వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఇంకొకటి కాలీ కమాన్. ఒకదాన్ని బొమ్మతో, ఒకదాన్ని రంగుతో జనం గుర్తు పెట్టుకున్నారన్నమాట. ఇప్పటికీ ఆటోవాడికి మచిలీ కమాన్ అంటే చాలు, వేరే నెంబరు అక్కరలేదు.

పేర్లు కూడా ఆ రోజుల్లో పలకల పనే చేశాయి. చూడీ బజారంటే గాజులు, మీర్ ఆలం మండీ అంటే కూరగాయలు. దూద్ బౌలీలో బావి ఉన్నది, తాలాబ్ కట్టలో చెరువు కట్ట ఉన్నది. ఈ తాలాబ్ కట్ట మాట మాకు చాలా ముచ్చట గొలుపుతుంది. తాలాబ్ పార్శీ నుంచి వచ్చిన మాట, కట్ట మన తెలుగుమాట. రెంటినీ కలిపి పలికినవాళ్ళకు అది రెండు భాషలని తోచనే లేదు. మౌలాలి గుట్ట కూడా అంతే. నగరం చుట్టూ ఉన్న గోడ పోయింది, దర్వాజాలు దాదాపు అన్నీ పోయాయి. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రం మిగిలాయి. అయినా లాల్ దర్వాజా, ఫతే దర్వాజా అని మనం ఇంకా అంటూనే ఉన్నాము. తలుపు లేకపోయినా పేరు దారి చెబుతూనే ఉన్నది. 1933లో రెసిడెన్సీ బజార్లు నిజాముకు తిరిగి వచ్చినప్పుడు వాటికి సుల్తాన్ బజార్ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరూ నిలిచింది, పక్కనే రెసిడెంటు ఉన్న భవనం వల్ల వచ్చిన కోఠీ అనే పేరూ నిలిచింది. జనం తమకు పనికొచ్చేదాన్ని పారేసుకోరు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే చిన్న గల్లీల దగ్గర. కమానుల పేర్లు, బజార్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. ఇరవై ఇళ్ళున్న గల్లీ పేరు ఎవరు రాస్తారు? అది ముసలివాళ్ళ నోట బతుకుతుంది. వాళ్ళు పోతే దానితోపాటే పోతుంది. అప్పుడు మిగిలేది ఇంటి నెంబరు. మన నెంబర్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు అంకెలు. అన్నదమ్ములు పంచుకుంటే ఒక బై, కిరాయికి మేడ వేస్తే ఇంకొక బై. పక్కింటి నెంబరుకూ మన నెంబరుకూ చుట్టరికం ఉండదు. అందుకే మన చిరునామాలన్నీ "మసీదు పక్కన", "కిరాణా దుకాణం ఎదురుగా" అని రాసుకుంటాము. దుకాణం ఎత్తేస్తే చిరునామా కూడా ఎత్తేసినట్టే.

పలకలు రాసినవాళ్ళ గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. కంప్యూటరు రాకముందు ఉర్దూ పత్రికలు, పెళ్ళి పత్రికలు, దుకాణం బోర్డులు అన్నీ కాతిబుల చేతి మీదుగా పోయేవి. ఛత్తా బజార్ అంటే ఆ పనికి పెట్టింది పేరు. ఉర్దూ నస్తాలీఖ్ రాతలో మాట కుడివైపు పైనుంచి మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. అక్షరం మీద అక్షరం ఎక్కి కూర్చుంటుంది. దానికి పలక మీద ఎత్తు కావాలి. మన తెలుగుకూ అంతే: పైన గుడి, కింద వత్తు, చోటు ఇవ్వకపోతే వత్తు కింది గీతలో ఇరుక్కుంటుంది. ఇంగ్లీషుకు ఈ బాధ తక్కువ. ఇంగ్లీషు కొలతకు మూడు సమాన పట్టీలు గీసి అందులోకి తక్కిన రెండు భాషలనూ నెడితే ఏమవుతుందో మన బోర్డులు చూస్తే తెలుస్తుంది. ఉర్దూ చీమల బారులా ఉంటుంది. చుక్క పోతే జీమ్ కాస్తా హే అవుతుంది. కొన్ని చోట్ల కంప్యూటరు అక్షరాలను కలపక విడివిడిగా పరచిన బోర్డులు కూడా చూశాము. చదవగలిగినవాడే ఆగిపోవలసి వస్తున్నది. చేతితో రాసేవాడు ముందు పలకను చూసి, తరువాత మాటను చూసి, చోటు పంచేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ చేతులను ఇంటికి పంపాయి.

బోర్డు మీద ఉర్దూ ఉండవచ్చునా అన్నది కోర్టు దాకా పోయిన విషయం. మహారాష్ట్ర అకోలా జిల్లాలోని పాతూరు పురపాలక సంఘం బోర్డు మీద మరాఠీతోపాటు ఉర్దూ ఉండడం కూడదని వేసిన వ్యాజ్యాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. భాష మతం కాదనీ, ఉర్దూ ఈ గడ్డ మీద పుట్టిన భాషేననీ, ఊళ్ళో కొందరికి తెలిసిన భాషలో సమాచారం చెప్పడమే బోర్డు పని అనీ ఆ తీర్పు సారాంశం. మన దగ్గర 2017లో తెలంగాణ అంతటికీ, 2022లో ఆంధ్రప్రదేశ్‌కూ ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేశారు. సంతోషమే. కాని చట్టం వచ్చినంత మాత్రాన జారిపోయిన చుక్క తిరిగి రాదు. అది చూసుకోవలసింది ఆ గల్లీ వాళ్ళే.

అసలు ఏ అక్షరమూ రానివాళ్ళ మాట? 1951-52లో మన మొదటి సాధారణ ఎన్నికలప్పుడు అందుకే బొమ్మల గుర్తులు పెట్టారు. మెక్సికో నగరంలో 1969లో మొదలైన భూగర్భ రైలుకు స్టేషను స్టేషనుకూ ఒక బొమ్మ ఇచ్చారు. చదువు రాని ప్రయాణికుడు ఆ బొమ్మను బట్టి దిగిపోతాడు. స్పెయిన్‌లో సెవిల్, కార్డోబా నగరాల్లో వీధి పేర్లు రంగురంగుల చీనీ పలకల మీద కనిపిస్తాయి. ఆ పలకను అక్కడ అసులేహో అంటారు. ఆ మాట అరబ్బీ నుంచి పోయినదే. అంత దూరం పోనక్కరలేదు. మన పట్నంలో 1590లలో కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద చీనీ పలకల రంగులు చూడండి. 1908 మూసీ వరదకు కొంత దెబ్బతిన్నా, నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా మిగిలిన రంగు మిగిలే ఉన్నది. మా ఫ్లెక్సీ ఒకటి రెండు వేసవులు కూడా ఆగలేదు.

ఈ చదువంతా అయ్యాక మా గల్లీకి చీనీ పలక వేయిద్దామన్నాము. ఇంటికింత అని వేసుకున్నాము. ఒకాయన ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు, తన ఫోటో ఉండాలన్నారు. సలాము చెప్పి పంపించాము. ఏ భాష పైన ఉండాలని రెండు సాయంత్రాలు వాదించుకున్నాము. మా గల్లీ చివరి ఇంట్లో ఉండే రిటైర్డు తెలుగు పంతులుగారే ఆ చిక్కు విప్పారు. "మీది కుడినుంచి మొదలవుతుంది, మాది ఎడమనుంచి మొదలవుతుంది. రెంటికీ చోటున్నది గదయ్యా, నడుమ బొమ్మ పెట్టండి" అన్నారు. మా గల్లీ పేరు ఒక బావి వల్ల వచ్చినది. బావి పూడ్చి నలభై ఏళ్ళు దాటింది. అందుకని నడుమ బావి గిలక, దానికి చేద తాడు. తెలుగు అక్షరాలు పంతులుగారు గీసిచ్చారు. ఉర్దూ, ఒకప్పుడు కితాబత్ చేసి ఇప్పుడు చెయ్యి వణుకుతున్న ఒక బుజుర్గు గీసిచ్చారు. ఇంగ్లీషు కింద ఉన్నది. ఇంటి నెంబర్ల బాణం గుర్తు మాత్రం కాల్చి తెచ్చేసరికి అటుది ఇటయింది. రెండు నెలలపాటు చుట్టాలంతా మోరీ దాకా పోయి వెనక్కి వచ్చారు. ఆ ముక్క మార్పించాము.

పలక పెట్టి రెండేళ్ళవుతున్నది. దాని మీద ఇంతవరకు ఎవరూ కాగితం అంటించలేదు. పక్కనున్న కరెంటు స్తంభం మాత్రం కోచింగు సెంటర్ల కాగితాలతో లావెక్కింది. దుకాణం కుర్రవాడు ఇప్పుడు ఎవరడిగినా "గిలక బొమ్మ గల్లీయా? ఇదే" అంటున్నాడు. బావి ఎక్కడుండేదని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. చూపించడానికి ముగ్గురు పెద్దవాళ్ళు మూడు చోట్లకు తీసుకుపోయారు.

ఇంకా ఐదు గల్లీలు మిగిలాయి. నాలుగింటికి పేర్ల తగాదా లేదు. మసీదు వెనుక గల్లీకి మాత్రం రెండు పేర్లు వినబడుతున్నాయి. ఓటర్ల జాబితాలో ఒకటి, కొందరి పెన్షను పుస్తకాల్లో ఇంకొకటి. ఏది పాతదో తేలకుండా పలక కాల్పించడం మాకిష్టం లేదు. మీ ఇళ్ళలో పాత కిరాయి చీటీలు, పోస్టు కార్డులు, ముఖ్యంగా పెళ్ళి పత్రికలు ఉంటే, వాటి మీద ఆ గల్లీ చిరునామా ఉంటుంది. దయచేసి ఒకసారి పెట్టెలు తీసి వెతకండి. దొరికిన కాగితం శుక్రవారం నమాజు తరువాత సంఘం ఆఫీసుకు తెస్తే, చూసుకొని అప్పుడే తిరిగి ఇచ్చివేస్తాము.